పై వాటాలో ఎవరూ లేరన్నాను

ఆ రోజు నేను చేసిన తప్పు ఒకటి కాదు, రెండు. మొదటిది అలవాటు కొద్దీ చెప్పిన అబద్ధం. రెండోది తెలిసి చెప్పింది. రెండింటికీ మధ్య రెండు నిమిషాలు కూడా లేవు. మొదటిదానికి ఏదో ఒక సాకు దొరుకుతుంది. రెండోదానికి ఇన్నేళ్ళుగా వెతుకుతున్నాను, దొరకలేదు.

ఎల్బీనగర్ చౌరస్తాకి లోపలగా మా ఇల్లు. కింద మేము, పైన ఒక వాటా. నేను కృష్ణా జిల్లా నుంచి వచ్చి దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక కోచింగ్ సెంటర్లో లెక్కలు చెప్పుకుంటూ బతికినవాణ్ణి. పొద్దున ఆరింటి క్లాసు చెప్పి పదిన్నరకల్లా ఇంటికి వచ్చేవాణ్ణి. తెలంగాణ కోసం సకల జనుల సమ్మెకి ఇంకా వారం పది రోజులుంది. మా వీధి మొదట్లో ఉద్యమం టెంటు వేశారు. ఆటోకి మైకు కట్టుకుని రోజూ ఎవరో ఒకరు తిరిగేవారు. ఆ మైకు మా గేటు దగ్గర కాస్త ఎక్కువసేపు ఆగినట్టు నాకు అనిపించేది. ఆగేది కాదేమో. నా స్కూటరు నంబరు పలకమీద ఏపీ చెరిపించి టీజీ అని రాయించుకున్నాను. ఎవరూ రాయించుకోమనలేదు.

ఆ రోజు పదకొండు గంటలవేళ గేటు దగ్గర ఒక మనిషి స్కూటరు ఆపాడు. మామూలు చొక్కా, చంకలో ఫైలు. మా కాలనీలో ఫైలుతో వచ్చేవాడంటే ఇంటిపన్ను వాడే. ఇల్లు అద్దెకిస్తే పన్ను ఎక్కువ, సొంతానికి ఉంచుకుంటే తక్కువ. అందుకని కాలనీలో ఇళ్ళవాళ్ళందరికీ ఒకటే పాఠం. ఫైలు కనిపిస్తే అద్దెకున్నవాళ్ళు లేరు. మా ఆవిడకి నేర్పాను, పిల్లలకి నేర్పాను. బడి నుంచి వచ్చే పిల్లలు కూడా తడుముకోకుండా చెప్పేవారు.

"ఇల్లు మీదేనా సారూ?"

"మాదేనండీ."

"పైన కిరాయికిచ్చిన్రా?"

"లేదండీ. పైనా కిందా మాకే."

అతను తలెత్తి పైకి చూశాడు. పిట్టగోడ మీద చీర ఆరేసి ఉంది.

"గా చీర?"

"మా ఆవిడదే."

అతను నవ్వాడు. ఫైలు తెరిచి, ఒక పేరు చదివి, "గీమె ఉంటదా మీ ఇంట్ల?" అన్నాడు.

అది పైన అద్దెకుండే ఆవిడ పేరు. ఇంటిపేరుతో సహా చదివాడు. పన్నువాడికి ఆ పేరు ఎలా తెలుస్తుంది? వచ్చింది పోలీసు మనిషని ఆ క్షణంలోనే నాకు అర్థమైంది. తన పౌరసత్వం దరఖాస్తు మీద ఇలాంటి విచారణ ఒకటి వస్తుందని ఆవిడ నాకు నాలుగు నెలల ముందే చెప్పింది. "రానివ్వమ్మా, నేను చెప్తాగా" అని నేనే అన్నాను.

అప్పుడైనా నోరు తెరిచి, సార్, మీరు ఇంటిపన్ను వాళ్ళనుకున్నాను, ఆవిడ పైనే ఉంటుంది అని ఉండవలసింది. ఆ మాట నోటిదాకా వచ్చింది. కానీ అప్పటికే ఒక అబద్ధం చెప్పి ఉన్నాను. పోలీసుకి అబద్ధం చెప్పిన ఆంధ్రావాడు అనే మాట నా చెవిలో నాకే వినిపించింది. విదేశస్థురాల్ని ఇంట్లో ఉంచుకుని ఠాణాకి చెప్పలేదేం అంటారని కూడా తోచింది.

"తెలీదండీ. ఆ పేరుగలవాళ్ళు ఎవరూ లేరు" అన్నాను.

అతను గేటు మీదే కాగితం పెట్టి నాలుగు లైన్లు రాశాడు. "సంతకం పెట్టున్రి." పెట్టాను. కాగితాలు సర్దుకుంటుంటే ఫైల్లో పిన్నుతో గుచ్చిన ఆవిడ ఫోటో కనిపించింది. కొత్తగా దిగిన ఫోటో. జడ ముందుకి వేసుకుని, భయంగా చూస్తోంది.

ఆవిడ గురించి చెప్పాలి. ఆవిడ పుట్టింది బర్మాలో. రంగూన్ అనేది కాదు, "రంగం" అనేది, మా పెద్దవాళ్ళు అన్నట్టే. తాత శ్రీకాకుళం వైపు నుంచి రంగం వెళ్ళి బియ్యం మిల్లులో కుదిరాడట. తండ్రి అక్కడే పుట్టాడు. తోటి తెలుగువాళ్ళు చాలామంది తిరిగి వచ్చేసిన రోజుల్లో కూడా వాళ్ళు ఉండిపోయారు. చివరికి తండ్రీ కూతుళ్ళిద్దరే మిగిలి, ఆ దేశం పాస్‌పోర్టులతో హైదరాబాదు వచ్చారు. మలక్‌పేటలో కొన్నాళ్ళుండి మా పై వాటాలో దిగారు. తండ్రి మా ఇంట్లోనే పోయాడు. ఆవిడ దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక లేడీస్ టైలరు షాపులో కుట్టేది. పెళ్ళి చేసుకోలేదు.

మనదేశపు పౌరురాలు కావాలని ఆవిడ దరఖాస్తు పెట్టింది. తండ్రి కూడా ఇక్కడ పుట్టినవాడు కాదు కనుక దగ్గరి దారులేవీ లేవు. పన్నెండేళ్ళు ఇక్కడ ఉన్నట్టు చూపించాలి. అందులో ఆఖరి ఏడాది దేశం దాటి ఒక్క రోజు కూడా బయటికి పోకూడదు. ఆవిడ ఆ నియమాన్ని ఎంత భయపడుతూ పాటించిందంటే, ఆ ఏడాది విశాఖపట్నంలో మేనత్త కూతురు పోతే వెళ్ళలేదు. "విశాఖ మనదేశమే కదమ్మా" అన్నాను. "ఏటో అన్నియ్యా, రైల్లో ఏటైనా అయితే? రోజు తెగిపోతాది" అంది. ఆవిడ లెక్కలో రోజు అనేది దారంలాంటిది.

అన్నేళ్ళలో ఆవిడ నన్ను అద్దె ఒప్పంద పత్రం రెండుసార్లు అడిగింది. "మన మధ్య కాగితాలెందుకమ్మా" అన్నాను. పెద్దమనిషిలా అన్నాను. పత్రం రాస్తే పన్ను పెరుగుతుందని అసలు సంగతి. ఏటా అనుమతి పొడిగించుకోవడానికి షాపు యజమాని ఇచ్చిన ఉత్తరంతో నెట్టుకొచ్చింది. ఈసారి మాత్రం మనిషి ఇంటికొచ్చి అడుగుతాడన్నారు. ఆవిడ చేతిలో ఉన్న గట్టి రుజువు నా మాటే. ఆ మాట అడిగినప్పుడు నేను లేదన్నాను.

ఆ సాయంత్రం ఆవిడ మెట్లెక్కుతూ, "ఎవరైనా వచ్చేరా అన్నియ్యా?" అని రోజూ అడిగేటట్టే అడిగింది.

"ఎవరూ రాలేదమ్మా" అన్నాను.

రేపు ఠాణాకి వెళ్ళి సరిదిద్దుతాననుకున్నాను. ఆ రేపు వెళ్ళలేదు. ఎల్లుండీ వెళ్ళలేదు. ఈలోగా సమ్మె మొదలైంది. బస్సులు ఆగిపోయాయి. బడులు మూసేశారు, ఆఫీసులు మూసేశారు. మా కోచింగ్ సెంటరుకీ తాళం పడింది. చౌరస్తాలో టైర్లు తగలబెట్టిన వాసన ఇళ్ళలోకి వచ్చేది. విజయవాడ రోడ్డు ఎప్పుడూ హోరుమంటుండేది, ఆ రోజుల్లో దాని చప్పుడు లేక మధ్యాహ్నాలు భయంగా ఉండేవి. అన్నీ బందు కదా, ఇప్పుడు ఎవరి దగ్గరికి పోతాం అని నాకు నేను చెప్పుకున్నాను. ఠాణా మాత్రం బందు లేదు. ఆ సంగతి నాకు తెలుసు. మా ఇంటి నుంచి నడిస్తే పావుగంట.

పోస్టు కూడా బందు లేదు. సమ్మె రెండో వారంలో ఆవిడకి పోలీసు కమిషనరు ఆఫీసు నుంచి రిజిస్టరు ఉత్తరం వచ్చింది. ఇంగ్లీషులో ఉంటే చదివి చెప్పమని నా దగ్గరికే తెచ్చింది. చిరునామాలో విచారించగా ఆ పేరుగల మనిషి అక్కడ ఉండటం లేదని తేలింది. చిరునామా తప్పుగా ఇచ్చినందుకు దరఖాస్తు ఎందుకు కొట్టివేయకూడదో, ఉండే అనుమతి ఎందుకు ఆపకూడదో పదిహేను రోజుల్లో జవాబివ్వాలి. ఇవ్వకపోతే దేశం విడిచి వెళ్ళవలసి ఉంటుంది.

నేను నెమ్మదిగా చదివాను. తొందరగా చదివితే గొంతు మారుతుందని భయం.

"ఎల్లిపోమంటే ఎక్కడికెల్తాను అన్నియ్యా? అక్కడ నాకెవరున్నారు? మా ఇల్లు కూడా లేదు." మళ్ళీ, "ఎవరు సెప్పీసేరంటారు, నాను లేనని?" అంది.

నేను ఉత్తరం మడిచి ఇచ్చాను. జవాబు ఆవిడే వెతుక్కుంది. మా ఎదురింట్లో కిరాణా దుకాణం. నల్లగొండ దగ్గర పల్లె నుంచి వచ్చి ఆ వీధిలో మాకంటే ముందు స్థిరపడ్డవాడు ఆ దుకాణదారు. టెంటు దగ్గర శిబిరం నడిపేది అతనే. శిబిరానికి పెద్ద గుడ్డ బ్యానరు ఆవిడే కుట్టిచ్చింది, డబ్బు తీసుకోకుండా. అది తీసుకుంటూ అతను దుకాణం నిండా జనం ముందు నవ్వుతూ, "అక్కా, నువ్వు ఆంధ్రదానివి కాదు, తెలంగాణదానివి కాదు. సముద్రం అవుతలిదానివి. నిన్నెవ్వరు పొమ్మనరు తియ్!" అన్నాడు. అందరూ నవ్వారు. ఆవిడ కూడా నవ్వింది.

ఉత్తరం వచ్చాక ఆ నవ్వు ఆవిడకి వేరేగా గుర్తొచ్చింది. "ఆ దుకాణం ఆయనే సెప్పుంటాడు. అందరి ముందూ సముద్రం సముద్రమని నోరు పారేసుకున్నాడు కదా. పోలీసోడు ముందర అక్కడే అడిగుంటాడు."

నేను అవుననలేదు. కాదనలేదు. తల ఊపానేమో కూడా గుర్తులేదు. నా నేరం వీధి దాటి ఎదురింటి మీద పడుతుంటే చూస్తూ కూర్చున్నాను. తెలంగాణవాళ్ళ మీద ఆ రోజుల్లో మా ఇళ్ళలో ఏ మాటైనా ఇట్టే నమ్మేవాళ్ళం. ఆ నమ్మకం నాకు పనికొచ్చింది.

ఆవిడ ఆ దుకాణానికి వెళ్ళడం మానేసింది. పప్పుకీ ఉప్పుకీ నాగోలు దారిలోని కొట్టుదాకా ఎండలో నడిచి వెళ్ళేది. పగలంతా పైన కుట్టుమిషను చప్పుడు. షాపు మూసి ఉంది కదా, ఎవరివో పాత బేరాలు కుడుతోంది. మధ్యలో మిషను ఆగినప్పుడల్లా నేను కింద ఉలిక్కిపడేవాణ్ణి. పదిహేను రోజుల్లో ఆరు రోజులు అలా పోయాయి.

ఏడో రోజు పొద్దున దుకాణదారు మా గేటు ముందు నిలబడ్డాడు. శిబిరం చందాకో, ఇంకా దేనికో అనుకున్నాను.

"సారూ, జర ఒక మాట. పైన అక్క నా మీద ఎందుకు గుస్సగుంది? నమస్తే పెడితె మొఖం తిప్పుకుంటది. నేనేమన్న అన్ననా?"

"ఏమో, నాకేం తెలుసు."

"గట్ల కాదు సారూ. వాళ్ళ నాయన సచ్చిపోయిననాడు పాడె మోసింది నేను. మీరు క్లాసుకు పోయిన్రు. ఆమె పరేషాన్ల ఉన్నట్టుంది. ఏందో అడుగున్రి. నాతోని అయ్యేదుంటె చేస్త."

అతను వెళ్ళిపోయాక చూస్తే మా ఆవిడ వంటింటి గుమ్మంలో నిలబడి ఉంది. అంతా విన్నది. ఆమెకి అనుమానం అంతకుముందే ఉందనుకుంటాను.

"ఆ విచారణకి వచ్చినాయన మీతోనే మాట్లాడాడు కదూ?"

నేను తలొంచుకున్నాను.

"ఏం చెప్పారు?"

చెప్పాను. చీర మాట కూడా చెప్పాను.

"నా చీరన్నారా?" అంది. కోపం కాదు, ఏదో అసహ్యం. "నెలా నెలా ఆవిడిచ్చే అద్దె మనదే. ఆవిడ కుట్టిన జాకెట్లు నావే. మనిషి మాత్రం లేదన్నారు. లేవండి. చెప్పులేసుకోండి."

నేను లేచాను. సొంతంగా లేచానని రాయాలని ఉంది, కానీ కాదు.

ఆటోలు లేవు. నడిచాను. చౌరస్తాలో రోడ్డు మీదే పొయ్యిలు పెట్టి వంటావార్పు చేస్తున్నారు. పోలీసులు లాఠీలు ఆనించుకుని వరసగా నిలబడి ఉన్నారు. ఎవరూ నన్ను ఆపలేదు, ఏ ఊరని అడగలేదు. అడుగుతారేమోనన్న భయం మాత్రం ఠాణా గుమ్మందాకా నాతో వచ్చింది.

ఫైలు మనిషి లోపలే ఉన్నాడు. నన్ను చూడగానే గుర్తుపట్టాడు. నేను చెప్పింది విని కుర్చీ వెనక్కి జరిపాడు.

"గప్పుడు చెప్పింది అబద్ధమా, గిప్పుడు చెప్పేది అబద్ధమా? ఏది రాయాలె సారూ? పోలీసోళ్ళకు దొంగమాట చెప్తె కేసైతది, ఎరుకేనా?"

"తెలుసండీ."

ఎస్సై దగ్గరికి తీసుకెళ్ళాడు. అతను నా వైపు చూడకుండానే అడిగాడు, "ఏ ఊరు మీది?"

అన్నాళ్ళూ ఏ ప్రశ్నకి భయపడ్డానో అదే. చెప్పాను.

"వచ్చి ఎన్నేండ్లాయె?"

"ఇరవై మూడేళ్ళండీ."

"కాగితం ఉందా?"

"రేషను కార్డుంది. ఇంటి కాగితాలున్నాయి. ఓటుంది."

"మరి ఆమెకెందుకు లేవు?"

"నేను ఇవ్వలేదు కనక."

అప్పుడు తలెత్తి చూశాడు. గదిలో ఫ్యాను తిరుగుతోంది. బయట మైకులో ఎవరో పాడుతున్నారు. అరెస్టు చేస్తారేమో, చేస్తే ఇంటికి ఎవరు చెప్తారు అని ఆలోచిస్తూ నిలబడ్డాను.

"జరిగింది జరిగినట్టు రాయున్రి. ఎందుకు అబద్ధమాడిన్రో గది కూడ. ఆమె ఎప్పటిసంది ఉంటుందో రాయాలె. మీ ఒక్కరి మాట ఇంక చెల్లదు. ఆమె రాకముందు నుంచి ఆ గల్లీల ఉన్నోళ్ళు ఒకరు వచ్చి సంతకం పెట్టాలె. మీ చుట్టాలు కాదు. కేసు సంగతి తర్వాత చూస్త."

ఆవిడ రాకముందు నుంచి మా వీధిలో ఉన్నవాళ్ళు రెండు ఇళ్ళవాళ్ళే. ఒకటి మాది. రెండోది కిరాణా దుకాణం.

ఇంటికి రాగానే పైకి వెళ్ళాను. ఆవిడ మిషను ముందు ఉంది. నిలబడే చెప్పాను. చెప్పినంతసేపూ ఆవిడ చెయ్యి చక్రం మీదే ఉంది, తిప్పలేదు.

"అయితే ఆ దుకాణం అన్నియ్య కాదా?" అంది.

"కాదమ్మా. నేనే."

"నాను ఆయన్ని ఎన్ని తిట్టుకున్నానో." తరువాత, "మీరే సదివేరు కదా ఆ ఉత్తరం. నా ముందే కూసుని సదివేరు" అంది.

ఆవిడ ఏడవలేదు, తిట్టలేదు. మిషను మీద గుడ్డ కప్పి, నేను బయటికి పోవాలన్నట్టు లేచి నిలబడింది. ఆ రోజు నుంచి నన్ను అన్నియ్యా అని పిలవలేదు. సార్ అనేది.

దుకాణదారుకి శిబిరంలో పది మంది ముందే చెప్పాను. ఒంటరిగా పిలిచి చెబుతాననుకుని వెళ్ళాను, కానీ ఆ నిందతో ఆవిడ అతనికి మొహం తిప్పుకున్నది నడివీధిలో, నేను చాటుగా చెప్పడం న్యాయం కాదనిపించింది. అతను వింటూ వింటూ మీసం దువ్వుకున్నాడు.

"మంచిగుంది సారూ! పొమ్మంటున్నరు పొమ్మంటున్నరని పేపర్లల్ల మా మీద రాస్తరు. పొమ్మన్నదేమో మీరు." పక్కవాళ్ళు నవ్వారు. నాకు ఆ నవ్వు తగినదే. అతను నవ్వలేదు. తుండు భుజాన వేసుకుని లేచాడు. "పదున్రి. మీ కోసం కాదు, గా అక్క కోసం."

ఇద్దరం ఠాణాదాకా నడిచాం. అతను నాలుగడుగులు ముందే నడిచాడు. అక్కడ ఆవిడ తండ్రి పోయిన సంగతి, పాడె మోసిన సంగతి, ఆవిడ ఏ పండక్కి ఏం కుట్టిచ్చిందో కూడా చెప్పాడు. ఫైలు మనిషి రాసుకున్నాడు.

పదిహేను రోజుల గడువు లోపల జవాబు వెళ్ళింది. ఆవిణ్ణి పంపెయ్యలేదు. ఉండే అనుమతి ముందు మూడు నెలలు, తరువాత ఆరు నెలలు పొడిగించారు. దరఖాస్తు మాత్రం నిలవలేదు. చిరునామా అనుమానంలో పడ్డ దరఖాస్తు కనుక మళ్ళీ కొత్తగా పెట్టుకోమన్నారు. దాచుకున్న సంవత్సరాలు పోలేదు గానీ వరసలో ఆవిడ మళ్ళీ చివరికి వెళ్ళింది. నా మీద కేసు పెట్టలేదు. పెడతారేమోనని ఏడాదిపాటు గేటు చప్పుడైతే చాలు బయటికి చూసేవాణ్ణి. అది నాకు తక్కువ శిక్షే.

సమ్మె ఆగి ఆఫీసులు తెరిచాక, పై వాటా అద్దెకిచ్చానని, ఫలానా ఏడు నుంచి ఫలానా మనిషి ఉంటోందని మునిసిపాలిటీకి రాసిచ్చాను. పాత బాకీలూ జరిమానాలూ కట్టాను. కాలనీలో ఇద్దరు ముగ్గురు నన్ను పిచ్చివాడన్నారు, మా ఇళ్ళ మీదికి కూడా తెస్తావా అని తగాదా పెట్టుకున్నారు. స్టాంపు కాగితం మీద అద్దె ఒప్పందం రాయించి పైకి పంపాను. మా ఆవిడ చేత పంపాను.

కొత్త దరఖాస్తుకి మనదేశపు పౌరులు ఇద్దరు, ఈమె మంచి మనిషి, మేము ఎరుగుదుం అని ప్రమాణపత్రాలు ఇవ్వాలి. ఒకటి నేనిస్తానని మెట్ల దగ్గర నిలబడి అడిగాను.

"మీ సంతకం వద్దు సార్" అంది. కటువుగా కాదు. కుట్టుకి పనికిరాని దారాన్ని పక్కన పెట్టినట్టు అంది.

ఒకటి దుకాణదారు ఇచ్చాడు. రెండోది మా ఆవిడ ఇచ్చింది. నాకు మిగిలిన పని నకళ్ళు తీయించడం. దిల్‌సుఖ్‌నగర్ బస్టాండు ఎదుట జిరాక్సు షాపులో, హాల్‌టికెట్ల కోసం వచ్చిన పిల్లల మధ్య నిలబడి, ఆవిడ పాస్‌పోర్టు పేజీలు, తండ్రి మరణ పత్రం, పన్నెండేళ్ళ అనుమతి కాగితాలు ఒక్కొక్కటీ తీయించాను. ప్రతి పేజీ అసలుతో పోల్చి చూశాను. మసకగా వచ్చినవి చించి మళ్ళీ తీయించాను. గెజిటెడ్ అధికారి దగ్గర రెండు రోజులు కాచుకుని అన్నింటి మీదా ముద్ర వేయించాను. కట్ట తెచ్చి మా ఆవిడకిచ్చాను. ఆమె పైకి తీసుకెళ్ళి ఇచ్చింది. మర్నాడు పొద్దున ఆవిడ దరఖాస్తు ఇవ్వడానికి ఆఫీసుకి బయలుదేరినప్పుడు, వెనకాల కొంత దూరంలో నేనూ నడిచాను. వరండాలో ఆవిడకి కనిపించని బెంచీ మీద కూర్చున్నాను, లోపల ఎవరైనా ఇంటి యజమాని ఎక్కడ అని అడిగితే లేచి వెళ్ళడానికి.